అభిరుచి – భాషాభిమానము

నలుగురికి నచ్చినది తనకు నచ్చలేదనుట కష్టము. పరరాష్ట్రమున నలుగురమే యున్నచో మఱింత కష్టము. త్యాగరాజస్వామి (1767–1847) తిరువయ్యారున నివసించి తెలుగున కృతులు రచించెను. తమిళనాట స్థిరపడిన మన కుటుంబములకు అది గర్వకారణము. మాకో, పాపనాశం శివన్ (1890–1973) తమిళ కీర్తనలే ఎక్కువ ప్రియము. బంధువుల నడుమ ఒకనాడు ఈ మాట అంటిమి. "తల్లిభాషను మఱచితివా, నాయనా?" అని మా పెదనాయనగారు నొచ్చుకొనిరి.

మఱవలేదు. తెలుగెఱుగని గాయకుల నోట పదములు విరిగి స్వామి సాహిత్యము మా చెవికి అందదు. శివన్ మాట వినగనే మనసున దిగును. (తప్పు స్వామిది కాదు.) 1943లో మదరాసున తమిళ ఇసై సంగము స్థాపించినవారు కోరినదియు ఇట్టిదే: తెలిసిన మాటలలో పాట. ఆ కోరిక వారికి న్యాయమైనచో మాకెట్లు ద్రోహమగును? ఇష్టము లేకయే తలయూచినచో భాషకేమి ఒరుగును?

పెదనాయనగారితో వాదము నేటికిని తెగలేదు. కచేరికి మాత్రము కలిసియే పోవుచున్నాము.