నాగసేనుడూ నా టైమ్‌లైనూ

గోడ (వాల్) తీసేసి టైమ్‌లైన్ పెడుతున్నామని ఫేస్‌బుక్ ప్రకటించింది 2011 సెప్టెంబరు 22న. అప్పటికి తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలై పది రోజులు కావస్తోంది. మా హనుమకొండలో ఆఫీసులు బోసిపోయి ఉన్నాయి. బ్యాంకులో ఏళ్ల తరబడి నా పక్క కౌంటర్లో కూర్చున్న తెనాలి మిత్రుడు అప్పటికే బదిలీ మీద సొంతూరు వెళ్లిపోయాడు. వాడి గోడ మీద నేను, నా గోడ మీద వాడు, రాష్ట్రం గురించి రోజూ కత్తులు దూసుకునేవాళ్లం. తెల్లారేసరికి అవన్నీ కిందికి జారిపోయేవి, పైన ఎవరివో పెళ్లి ఫొటోలు వచ్చి కూర్చునేవి. మా స్నేహం నిలబడిందంటే సగం ఆ జారుడు పుణ్యమే.

కొత్త ఏర్పాటులో అది పోయింది. పక్కన సంవత్సరాలు వరసగా పేర్చారు. 2011 మీద నొక్కితే 2011 మొత్తం లేచి కూర్చునేది. అట్టడుగున పుట్టిన తేదీ. వాళ్లు ఒక్క అక్షరం కొత్తగా చేర్చలేదు, ఉన్నవాటిని ఇట్టే దొరికేలా సర్దారు, అంతే. నలుగురికీ కనబడే ముందు సరిచూసుకోమని ఏడు రోజుల గడువు కూడా ఇచ్చారు. పరీక్షిత్తుకూ దక్కింది ఏడు రోజులే, కానీ ఆయన పక్కన శుకుడున్నాడు.

మరుసటి ఏడాది సెప్టెంబరులో ఫ్రాన్సులో గగ్గోలు లేచింది. ఎప్పుడో రాసుకున్న ప్రైవేటు సందేశాలు టైమ్‌లైన్ మీద బయటపడ్డాయని జనం లబోదిబోమన్నారు. కంపెనీ కాదంది. ఆ దేశంలో వ్యక్తిగత సమాచార రక్షణ చూసే సీఎన్‌ఐఎల్ సంస్థ విచారించి, అవి గోడల మీది పాత రాతలేనని తేల్చింది. నలుగురిలో అలా మాట్లాడామంటే మాట్లాడినవాళ్లకే నమ్మకం కుదరలేదన్నమాట. నన్ను పట్టుకున్నది ఇదే. రాసిన చెయ్యి నాదే, సరే. ఆ రాసినవాడు నేనేనా?

బోధి వృక్షం కింద ఆ రాత్రి మొదటి జాములో గౌతముడికి తన పూర్వజన్మలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయని బౌద్ధ గ్రంథాలు చెబుతాయి. అయితే అంతకుముందే ఆయన ధ్యానంలో నాలుగు మెట్లూ ఎక్కాడు. చిత్తం నిలకడగా నిలిచాకనే ఆ జ్ఞాపకం వచ్చింది. ఏ జన్మలో ఏం చేశానో చూసి పొంగిపోని, కుంగిపోని మనసుకు వచ్చింది. మనకేమో ఒక్క మెట్టూ ఎక్కించకుండానే జాతిస్మరణం చేతిలో పెట్టారు. జ్ఞాపకం మీద నాకు పేచీ లేదు. తట్టుకునే తయారీ లేనివాడికి దాన్ని అంటగట్టడం మీదనే.

రాసినవాడు నేనేనా అన్న నా సందేహం పాతదే. మిలిందపన్హ అనే బౌద్ధ గ్రంథంలో యవనరాజు మిలిందుడు భిక్షువు నాగసేనుణ్ణి ఇలాగే నిలదీస్తాడు: మళ్లీ పుట్టినవాడు వాడేనా, వేరొకడా? రెండూ కాదంటాడు భిక్షువు. మరి అలాగైతే చేసిన పాపం అంటదుగా అని రాజు లాజిక్కు. దానికి మామిడి దొంగను చూపిస్తాడు నాగసేనుడు: తోటవాడు నాటిన కాయ వేరు, నేను కోసిన కాయ వేరు అని దొంగ వాదిస్తే నువ్వు వదిలేస్తావా?

నేనైతే వదలను. రాష్ట్రం సంగతిలో నా మాట ఈనాటికీ అదే. ఆనాటి ఆ సెగ మాత్రం ఇప్పుడు నాలో ఎంత వెతికినా దొరకదు. వాడెవడో వేరే మనిషి. కానీ వాడి పద్దు నా ఖాతాలోనే పడుతుంది, పడాలి కూడా.

ఈమధ్య మా తమ్ముడి కూతురు నా టైమ్‌లైన్‌లో 2011 తెరిచి, "పెద్దనాన్నా, ఈ అంకుల్‌తో ఇంకా మాట్లాడుతున్నవా?" అని అడిగింది. ఆ రాత్రే తెనాలి మిత్రుడికి ఫోన్ చేశాను.

"అన్నీ కలిపి ఒక్కదెబ్బకి చెరిపేసే వీలుందటగా, తీసేద్దామేంట్రా?" అన్నాడు.

వద్దన్నాను. నా పోస్టు తీస్తే దాని కింద వాడిచ్చిన జవాబులూ పోతాయి. అందులో కొన్ని నా మాటలకన్నా బాగున్నాయి, పైగా అవి నావి కావు. పాత పోస్టులు స్నేహితులకు మాత్రమే కనబడే సెట్టింగు ఒకటుంటే అది పెట్టుకుందామన్నాను. ఆ మాటల్లోనే మామిడి దొంగ కథా చెప్పాను.

వాడు కాసేపు ఊరుకుని, "దొంగ సంగతి సరేరా, రాత్రికి రాత్రి తోట కంచె పీకేసినవాడి మాటేంటి? మీ నాగసేనుడు వాడికి శిక్షేమీ చెప్పలేదా?" అన్నాడు.

మిలిందుడికి ఆ అనుమానం రాలేదు మరి.