హద్దు అవమానమా?

హద్దు గీయుట అవిశ్వాసమునకు గుర్తని కొందరు తలంతురు. మే మట్లు తలంపము. కంప్యూటరునందు ప్రతి ప్రోగ్రామునకును మెమరీలో దాని భాగము దానికుండును. హద్దు దాటబోయినదానిని ప్రాసెసరు నిలుపును, తక్కినవి చెడవు. 1960 దశకమున రూపొందిన మల్టిక్స్ ఈ హద్దులను వలయములుగా అమర్చినది. అయితే నడుమనున్న కెర్నెలునకు అన్ని తలుపులును తెరచియే యుండును.

2024 జూలైలో విండోస్ కెర్నెలునందు చోటిచ్చిన యొక రక్షక సాఫ్ట్‌వేరు, తనకు వచ్చిన దోషపూరిత సమాచారమువలన చదువరాని చోటు చదువబోయి, సుమారు 85 లక్షల యంత్రములను కూల్చెను. దానికి దురుద్దేశము లేదు, అడ్డును లేదు.

కావున హద్దు దొంగకొరకు మాత్రమే కాదు. నమ్మినవాని పొరపాటునుండి పదుగురిని కాచుటకును. సంఘపు ధనపు పెట్టెకు రెండు తాళము లుండుట కోశాధికారికి అవమానము కాదు. అధికార మెంత పెద్దదో హద్దు నంత అవసరమని మా యభిప్రాయము.