అపరిచిత కీటకం, ప్రమాద దోషం

పెరటిలోని మందార లేతకొమ్మపై తెల్లని దూది వంటిదేదో కనిపిస్తుంది. దగ్గరకు వెళ్లి చూస్తే అది కదులుతూ ఉంటుంది. పిండినల్లి పట్టిందనుకొని గృహస్థుడు మందు పిచికారీ కోసం ఇంటిలోకి వెళతాడు. అనుకోవడానికీ చంపడానికీ నడుమ ఉన్న ఆ కొద్దిపాటి వ్యవధిలో ఒక నైతిక ప్రశ్న ఇమిడి ఉన్నది. తానెరుగని ప్రాణి విషయంలో తీర్పు చెప్పే అధికారం మనిషికి ఎక్కడిది?

ఆ తెల్లని పురుగు పిండినల్లి కాకపోవచ్చు. పిండినల్లిని తిని బ్రతికే క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగు పిల్ల కావచ్చు. దాని ఒంటినిండా కూడా తెల్లని మైనపు పోగులే వేలాడుతుంటాయి. కొంతసేపు నిలిచి చూసినవారికి భేదం తెలుస్తుంది. పిండినల్లి మూడు నాలుగు మిల్లీమీటర్లుండి, కొమ్మను అంటిపెట్టుకొని రసం పీలుస్తుంది. ఈ పిల్లపురుగు ఎదిగితే సెంటీమీటరు దాటుతుంది, పోగులు పొడవుగా, చిందరవందరగా ఉంటాయి, నడక చురుకైనది. రెక్కలు వచ్చిన తరువాత నల్లని వీపుతో, నారింజ రంగు తలతో, పూర్వరూపంతో ఏ పోలికా లేకుండా తయారవుతుంది.

నిజానికిది ఆస్ట్రేలియా పురుగు. కాఫీ తోటలను పీడిస్తున్న ఆకుపచ్చ పొలుసు పురుగును అణచడానికి 1898లో దీనిని దక్షిణ భారతానికి తెచ్చారు. అప్పగించిన ఆ పనిలో అది విఫలమైంది. అయితే పిండినల్లిని వెతుక్కొని ఇక్కడే స్థిరపడింది. ఉద్యోగ జీవితమెరిగినవారికి ఇది వింతగా తోచదు. తరువాతి కాలంలో ద్రాక్ష, జామ తోటలలో దీనిని పెంచి విడిచే పద్ధతి ఏర్పడింది.

చంపడంలోని మంచిచెడ్డలను జైన ధర్మం మిక్కిలి సూక్ష్మంగా విచారించింది. సన్యాసికి మహావ్రతాన్నీ, గృహస్థుకు అణువ్రతాన్నీ విధిస్తూ, సంకల్పించి చేసే హింసకూ, సేద్యం వంటి వృత్తులలో అనివార్యంగా జరిగే హింసకూ భేదం పాటించింది. ఉమాస్వాతి తన తత్త్వార్థసూత్రంలో ప్రమత్తతను హింసా నిర్వచనంలోనే చేర్చాడు. తెలుగులో ప్రమాదమనే మాట నేడు అపాయమనే అర్థంలో రూఢమైంది. రోడ్డు ప్రమాదమంటే ఎవరి దోషమూ వెంటనే స్ఫురించదు. సంస్కృతంలో దానికి ఏమరుపాటని అర్థం. పిచికారీ చేతబట్టిన గృహస్థునికి వర్తించేది ఆ పాత అర్థమే. మొక్కను కాపాడుకోవడం అతని హక్కు. ఏ పురుగో చూడకుండానే చంపడం ఆ హక్కులో భాగమని చెప్పడం కష్టం.

అయితే ఇక్కడొక చిక్కున్నది. మిత్రుడని తేలినందువల్ల ప్రాణం దక్కితే అది న్యాయమా, లాభనష్టాల లెక్కా? పిండినల్లికి మనిషిపై పగ లేదు. దాని ఆకలి దానిది. పైగా తోటలోని పురుగులలో ఎన్నో మనిషికి అటు మేలూ ఇటు కీడూ చేయనివే. తొలకరికి నేలమీదికి వచ్చే ఎర్రని మఖమల్ వంటి ప్రాణి వల్ల రైతుకు కలిగే లాభం ఏమంత లేదు. అయినా కార్తె పేరు పెట్టి దానిని ఆరుద్ర పురుగన్నాడు. ఎనిమిది కాళ్లున్నందున శాస్త్రజ్ఞులు దానిని కీటకాలలో చేర్చరు, సాలీడు బంధువంటారు. రైతు దానిని లెక్కలో వేయలేదు, చంపనూ లేదు. వానతోపాటు వచ్చిందని గుర్తుపెట్టుకొన్నాడు.

మందారపై ఉన్నది పిండినల్లే అని తేలినా, పెరటి మొక్కకు విషం అవసరపడటం తక్కువే. తెగులు అంతగా ముదరకముందే ఆ కొమ్మను తుంచవచ్చు, సబ్బునీటితో కడగవచ్చు. ఆ పని చేయడానికైనా ముందు కొమ్మ దగ్గర కాసేపు వంగి నిలబడవలసి ఉంటుంది.