ఇరుసు విరిగితే ఎవరి రాత?

రోడ్డు ప్రమాదంలో మనిషి పోయిన ఇంటికి పరామర్శకు వెళ్ళినవాళ్ళు తరచూ అనే మాట ఒకటుంది: "అంతవరకే రాసిపెట్టి ఉంది, మన చేతుల్లో ఏముందమ్మా!" ఆ మాటలో దయ ఉంది. "ఇంకో అయిదు నిమిషాలు ఆగి బయల్దేరరా అని ఉంటే బతికేవాడే" అని కుమిలిపోతున్న తల్లికి అది కాస్త ఊపిరి పోస్తుంది. ఆ ఇంట్లో ఆ మాటను కాదనే హక్కు ఎవరికీ లేదు. అదే మాట రోడ్లు వేసే శాఖకూ, బస్సులు నడిపే డిపోకూ, చట్టాలు చేసే సభకూ చేరితే మాత్రం బాధ్యతను కప్పిపుచ్చే దుప్పటి అవుతుంది.

కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో 4,61,312 ప్రమాదాలు జరిగాయి, 1,68,491 మంది చనిపోయారు. రోజుకు 460 మందికి పైనే. వాళ్ళలో నూటికి 44 మంది ద్విచక్ర వాహనాల మీద వెళుతున్నవారు. ఇదే శాఖ 'బ్లాక్ స్పాట్'లనూ గుర్తిస్తుంది. జాతీయ రహదారిలో సుమారు 500 మీటర్ల ముక్క మీద మూడేళ్ళలో మరణాలో తీవ్ర గాయాలో అయిన ప్రమాదాలు అయిదు జరిగినా, పదిమంది చనిపోయినా ఆ చోటు జాబితాకెక్కుతుంది. చావు కేవలం నుదుటి రాతే అయితే, వేర్వేరు ఊళ్ళలో, వేర్వేరు నక్షత్రాల్లో పుట్టినవాళ్ళ రాత ఆ ఒక్క వంపు దగ్గరే ఎందుకు ముగుస్తోంది?

ఈ ప్రశ్న కొత్తదేమీ కాదు. చరక సంహిత విమానస్థానం మూడో అధ్యాయంలో అగ్నివేశుడు తన గురువు ఆత్రేయుణ్ణి దాదాపు ఇదే అడుగుతాడు. ఆయువు అందరికీ ముందే నిర్ణయమై ఉంటుందా, ఉండదా? ఊళ్ళకు ఊళ్ళు ఎందుకు నశిస్తాయన్న చర్చ మధ్యలో వచ్చిన ప్రశ్న అది. అంతా ముందే నిర్ణయమైతే ఎవరూ మందు మింగనక్కర్లేదు, బెదిరి మీదికొచ్చే ఏనుగునుంచో గుర్రంనుంచో తప్పుకోనక్కర్లేదు అంటాడు గురువు. పూర్వకర్మ దైవమనీ, ఈ జన్మలో చేసే పని పురుషకారమనీ, రెంటిలో బలమైనది బలహీనమైనదాన్ని అణచగలదనీ వివరిస్తాడు. తర్వాత ఆయన చెప్పే ఉదాహరణ బండి ఇరుసు. అన్నీ సరిగ్గా అమరిన ఇరుసు తన కాలమంతా నడిచి, అరిగి, ఒకనాడు ఆగిపోతుంది. అది కాలమృత్యువు. అదే ఇరుసు మోయలేని బరువు వల్ల, ఎగుడుదిగుడు దారి వల్ల, దారి కాని చోట నడపడం వల్ల, చక్రం విరగడం వల్ల, లాగే పశువు లోపం వల్ల, బండివాడి తప్పు వల్ల, చీల ఊడడం వల్ల, కందెన లేక నడిదారిలో విరిగితే అది అకాలమృత్యువు.

ఆ జాబితాను మరోసారి చదవాలి. బరువు, దారి, బండి, నడిపేవాడు, నిర్వహణ. నేటి రహదారి భద్రతా ఇంజినీర్లు కారణాలను వెతికేది ఈ చోట్లలోనే. ఆత్రేయుడు బండివాణ్ణి వదిలిపెట్టలేదు, అలాగని అతని ఒక్కడి మీదా మోపలేదు.

2018 సెప్టెంబరు 11న జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాట్ రోడ్డులో ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా మరణించారు. సీట్లకు దాదాపు రెట్టింపు మంది ఆ బస్సులో ఉన్నారు. ఏటవాలు దారి, పాత బస్సు, మోయలేని బరువు. ఆత్రేయుడి జాబితాలో సగం ఆ ఒక్క ఉదయమే కనిపిస్తుంది. ఆంజనేయస్వామి కొండ కింద జరిగిన ఈ ఘోరానికి దేవుణ్ణి సాక్షిగా పిలవవచ్చు గానీ ముద్దాయిని చేయడం అన్యాయం. గుళ్ళో తీర్థం ఇస్తూ పూజారి అకాలమృత్యువు తొలగాలని కోరేది, అలాంటి చావు తొలగించదగినదన్న నమ్మకంతోనే కదా!

స్వీడన్ పార్లమెంటు 1997 అక్టోబరులో 'విజన్ జీరో'ను ఆమోదించింది. దాన్ని కేవలం ట్రాఫిక్ పథకంగా చూస్తే సగమే అర్థమవుతుంది. దాని పునాది నీతిసూత్రం. ప్రయాణ సౌకర్యం కోసం కొన్ని ప్రాణాలు పోక తప్పదన్న లెక్కను అది ఒప్పుకోదు. మనిషి పొరపాటు చేస్తాడు, అతని ఒళ్ళు ఒక హద్దు దాటిన దెబ్బకు తట్టుకోలేదు, కాబట్టి పొరపాటు ప్రాణం తీయని విధంగా రోడ్డును కట్టాలి. దాని రూపకర్తల్లో ఒకరైన క్లేస్ టింగ్‌వాల్ బృందం బాధ్యతను ఇలా పంచింది: వాడేవాళ్ళు నియమాలు పాటించాలి, వాళ్ళు పాటించనప్పుడూ ప్రాణాలు నిలిచేలా చూసే కడపటి బాధ్యత కట్టేవాళ్ళది. అందుకే కాలినడకవాళ్ళు, వాహనాలు కలిసి తిరిగేచోట వేగం గంటకు 30 కిలోమీటర్లకు మించకూడదన్నారు. ఎదురెదురు వాహనాలు గుద్దుకునే రహదారుల మధ్య ఉక్కుతాళ్ళ అడ్డుకట్టలు వేశారు. 1997లో ఆ దేశపు రోడ్ల మీద 541 మంది చనిపోగా, ఇటీవలి ఏళ్ళలో ఆ సంఖ్య సగానికంటే తక్కువకు దిగింది.

ఈ ఆలోచన పరాయిదనుకోనక్కర్లేదు. కొత్త ఇల్లు కట్టినవాడు మిద్దె మీద పిట్టగోడ కట్టాలనీ, లేకపోతే పైనుంచి పడినవాడి రక్తం ఆ ఇంటి మీద దోషంగా నిలుస్తుందనీ బైబిల్ ద్వితీయోపదేశకాండం ఆజ్ఞాపిస్తుంది. పడినవాడు జాగ్రత్తగా ఉన్నాడా లేదా అని అక్కడ విచారణ లేదు. ముందు ఒంటెను కట్టేసి ఆ తర్వాత అల్లా మీద భారం వేయమన్న ప్రవక్త మాట ముస్లిం ఇళ్ళలో పిల్లలకూ తెలుసు.

అలాగైతే తాగి నడిపినవాడికి శిక్ష అక్కర్లేదా అని ఎవరైనా అడుగుతారు. కావాలి, గట్టిగా కావాలి. 2022 మరణాల్లో నూటికి 71కి కారణం అతివేగమని నమోదైంది. కానీ కర్మ సిద్ధాంతాన్ని నిజాయితీగా అన్వయిస్తే ఆ వేగానికి కర్తలు చాలామంది కనిపిస్తారు. ఊరి నడుమ నుంచి నాలుగు వరుసల రోడ్డును తీసి, దాటడానికి దారి వదలని ఇంజినీరు చేసింది కూడా కర్మే. తనిఖీ చేయకుండా ఫిట్‌నెస్ పత్రం మీద సంతకం పెట్టడమూ కర్మే. వాటి ఫలం మాత్రం చీకట్లో రోడ్డు దాటబోయిన కూలీ అనుభవిస్తున్నాడు.

ఈ దిశలో కొంత అడుగు పడింది. తెలుగు నేల మీద 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్సు, 'ఆయువు తీరింది' అనుకున్న ఎందరినో ఆసుపత్రి దాకా బతికించి తెచ్చింది. పడిపోయినవాణ్ణి కాపాడితే కేసులో ఇరుక్కుంటామన్న భయం పోగొట్టడానికి సుప్రీంకోర్టు 2016లో మార్గదర్శకాలకు చట్టబలం ఇచ్చింది. 2019 మోటారు వాహనాల సవరణలోని 134ఎ సెక్షన్ ఆ రక్షణను చట్టంలోకే తెచ్చింది. అదే సవరణలోని 198ఎ సెక్షన్ మరీ ముఖ్యం. రోడ్డు రూపకల్పనలో, నిర్మాణంలో, నిర్వహణలో భద్రతా ప్రమాణాలు పాటించక మరణానికో అంగవైకల్యానికో కారణమైతే, బాధ్యులైన అధికారికో గుత్తేదారుకో లక్ష రూపాయల వరకు జరిమానా వేయవచ్చు. ఒక ప్రాణానికి ఎదురుగా పెడితే ఆ మొత్తం చాలా చిన్నది. అయినా దారి లోపం కూడా నేరమేనని చట్టం ఒప్పుకుంది. ఇక ప్రతి మరణం తర్వాతా పోలీసుతోపాటు రోడ్డు శాఖ ఇంజినీరు కూడా ఆ చోటికి వెళ్ళి, అడ్డుకట్ట ఉందా, వెలుతురు ఉందా, దాటడానికి చోటుందా అని రాసి, తన పేరు కింద సంతకం పెట్టాలి.