ఆ గదిలో ఎవరున్నారు?

"జరిగినవే ఇన్ని ఉండగా జరగనివి రాయడం ఎందుకయ్యా?" నరసరావుపేటలో నన్ను ఈ మాట అడగని చుట్టం లేడు. పేరు కోసమనో, సంఘాన్ని బాగుచేయడానికనో నవలాకారులు చెప్పే జవాబులు నాకూ తెలుసు. అవి పుస్తకం అచ్చయ్యాక తట్టేవి. రాసేటప్పటి గుంజాటన వేరు.

నాకు ఉన్నవ లక్ష్మీనారాయణగారు గుర్తొస్తారు. డబ్లిన్‌లో బారిస్టరీ చదివొచ్చిన మనిషి. 1921లో, అడవిలో గొడ్లు మేపినందుకు కట్టాల్సిన పుల్లరి మీద పల్నాటి రైతులు తిరగబడితే, సంగతేమిటో విచారించడానికి ఆయన మాచర్ల వైపు వచ్చారు. సర్కారు జైల్లో పెట్టింది. సాక్ష్యం విలువ తెలిసిన వకీలు, పైగా కావలసినంత తీరిక. పుల్లరి మీద పెద్ద నివేదిక రాస్తారనుకుంటాం. ఆయన 'మాలపల్లి' నవల రాశారు. రామదాసు అనే మాల కులస్థుడి ఇంటి కథ అది. 1922లో అచ్చయింది, ప్రభుత్వం నిషేధించింది. నివేదికైతే ఇంకో అధికారి చేత ఇంకో నివేదిక రాయించి ఊరుకునేది.

వాంగ్మూలం అడిగితే రైతు ఎన్ని గొడ్లున్నాయో చెబుతాడు, ఎంత కట్టమన్నారో చెబుతాడు. గొడ్లను బందెలదొడ్డికి తోలుకుపోయిన రాత్రి పెళ్లాంతో ఏమన్నాడో చెప్పడు. గుర్తున్నా పరాయివాడి ముందు నోరు రాదు. ఊరూరా తిరిగి విచారించినవాడికే ఆ వెలితి బాగా తెలుస్తుంది. కల్పనకు అక్కడే పని పడుతుందని నా అనుమానం.

పల్నాటి వీరుల కథే చూడండి. కోడిపందెం, వలస, కారెంపూడి యుద్ధం, వీటిని పదిమందీ చూసే ఉంటారు. యుద్ధానికి పోయే ముందు బాలచంద్రుడు భార్య మాంచాల గదిలో అడుగుపెట్టినప్పుడు మాత్రం అక్కడున్నది ఇద్దరే. అన్నాళ్లూ తన గడప తొక్కని మొగుడితో ఆ పిల్ల ఏమందో ఎవరు విన్నారు? అయినా మా పెద్దవాళ్లు పక్కనే కూర్చుని విన్నట్టు చెబుతారు. ఎవరో కల్పించారు. కల్పించి ఉండకపోతే మాంచాల మనకు ఒట్టి పేరుగా మిగిలేది.

అయితే ఎవరి గదిలోకి ఎవరు వెళ్లాలి? ఉన్నవవారు పుట్టింది మాలపల్లెలో కాదు. రామదాసు ఓర్పూ వేదాంతమూ చూస్తే నాకూ సందేహమే, అది అతని మనసా, రచయిత కోరికా అని. ఉపన్యాసాలు వచ్చినచోట పేజీలు తిప్పేస్తాను. భూస్వామి చౌదరయ్య దెబ్బకు రామదాసు కొడుకు సంగదాసు చనిపోయే దగ్గర మాత్రం నా చెయ్యి ఆగిపోతుంది.

లోపలివాడే రాస్తే కల్పన అక్కర్లేదంటారు కొందరు. వినుకొండలో పుట్టిన కవి జాషువాకు అంటరానితనం గురించి ఇంకొకరిని అడగాల్సిన పని లేదు. తన అవమానానికి తానే సాక్షి. 'నా కథ ఇదీ' అని సూటిగా చెప్పడం చేతకాక కాదు, తర్వాత స్వీయచరిత్రా రాసుకున్నారు. అయినా 1941లో 'గబ్బిలం'లో ఒక పేదవాణ్ణి కల్పించి, శివుడికి గబ్బిలం చేత కబురు పంపించారు. ఆ గబ్బిలం గుళ్లోకి పోగలదు, ఆ మనిషి పోలేడు. ఈ చేదు వెటకారం స్వీయచరిత్రలో పట్టేది కాదు. పైగా సొంత గాయాన్ని కూడా కాస్త ఎడంగా, మరొకడి ఒంటి మీద పెట్టి చూస్తేనే దాని లోతు తెలుస్తుందేమో. జాషువాకు తెలిసినట్టే ఉంది.