తూము ఎవరు మూయాలి?

ఈ మధ్య ఆఫీసులో నాకు అప్పజెప్పిన పని గొప్పగా చెప్పుకునేదేం కాదు. ఒక పాత జావా ప్రోగ్రామ్‌లో 'ఫైనలైజ్' అనే సదుపాయం వాడిన చోటల్లా దాన్ని పీకేసి, దాని బదులు వేరేది పెట్టాలి. జావా వాళ్ళే 2017లో, తొమ్మిదో వెర్షన్‌లో, 'ఇది ఇక వాడకండి' అన్నారు. 2022 మార్చిలో, పద్దెనిమిదో వెర్షన్‌తో, 'ముందు ముందు తీసేస్తాం' అని ఇంకో మెట్టెక్కారు. ఈ స్థితిని డెప్రికేషన్ అంటారు. దీనికి తెలుగులో సరైన మాట నాకు దొరకలేదు. కొన్ని ఇళ్ళల్లో ఓ పాత కుర్చీ ఉంటుంది చూడండి. ఎవరూ పడేయరు, కానీ వచ్చినవాళ్ళందరికీ 'దాంట్లో కూర్చోకండి' అని మాత్రం చెప్తారు. అలాంటిది.

ఆ కుర్చీ కథ చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. ప్రోగ్రామ్ నడవాలంటే మెమరీలో చోటు కావాలి. సీ లాంటి భాషల్లో చోటు అడిగి తీసుకున్నవాడే తిరిగివ్వాలి. మర్చిపోతే మెమరీ నిండిపోతుంది. పొరపాటున రెండుసార్లు తిరిగిస్తే ప్రోగ్రామ్ కూలిపోవచ్చు. జాన్ మెకార్తీ 1960లో అచ్చయిన తన లిస్ప్ వ్యాసంలో ఈ భారాన్ని మనిషి నుంచి తీసి భాష మీద పెట్టాడు. ఏ వస్తువునైతే ఇక ఎవరూ చేరుకోలేరో, అది చెత్త కింద లెక్క, దాన్ని భాషే ఊడ్చేస్తుంది. 1996లో వచ్చిన జావా ఈ సుఖాన్ని మాలాంటి మామూలు ఉద్యోగస్తుల దాకా తెచ్చింది. అన్నీ చేత్తో చేసుకోవడమే నీతి అనే వాదన మీద నాకు గురి లేదు. మర్చిపోయే హక్కు మనిషికి కొంత ఉండాలి.

మాది మండపేట. ధవళేశ్వరం దగ్గర గోదావరి నుంచి చీలి వచ్చే కాలవ నీళ్ళ మీద బతికే ఊరు. ఎండాకాలం వస్తే మా వైపు కాలవలు కట్టేస్తారు. నీళ్ళాపి, పూడిక తీసి, గుర్రపుడెక్క లాగేసి, లాకులూ గట్లూ బాగుచేసి, సార్వాకి మళ్ళీ వదులుతారు. జావాలో చెత్త ఊడ్చడం కూడా మొదట్లో ఇలాగే ఉండేది. ప్రోగ్రామ్ మొత్తాన్ని కాసేపు నిలబెట్టేవారు. దానికి 'ప్రపంచాన్ని ఆపడం' అనే పేరు కూడా ఉంది. ఇప్పుడు చాలా పని నడుస్తుండగానే జరిగిపోతోంది, అది వేరే సంగతి. కాలవ బాగుచేసేవాళ్ళు పూడిక తీస్తారు గానీ, మీరు మీ చేలోకి తెరుచుకున్న తూము మూయడం వాళ్ళ పనిలో భాగం కాదు.

ప్రోగ్రామ్‌లోనూ అలాంటి తూములున్నాయి. ఫైలు తెరిచినా, నెట్‌వర్క్ కనెక్షన్ పెట్టుకున్నా, అది ఆపరేటింగ్ సిస్టమ్ దగ్గర తెచ్చుకున్న చేబదులు. చాలా లినక్స్ యంత్రాల్లో, ఎవరూ మార్చకపోతే, ఒక ప్రోగ్రామ్ ఒకేసారి 1024 ఫైళ్ళకి మించి తెరవలేదు. తెరిచిన ఫైలు మూయకుండానే వస్తువు చెత్తలోకి పోతే ఎలా? దానికి జావా మొదట్లో చెప్పిన జవాబే ఫైనలైజ్. వస్తువు పోయిందని తేలాక, ఊడ్చేసే ముందు, దాని చేతే ఆఖరి పని చేయిస్తాం, అప్పుడది ఫైలు మూసి పోతుంది. వినడానికి ఎంత సబబుగా ఉందో చూడండి. పెద్దాయన కన్నుమూస్తూ అప్పులన్నీ తీర్చి పోయినట్టు.

చిక్కల్లా ఆయన పోయాడని ఎప్పుడు గమనిస్తారన్నదే. చెత్త ఊడ్చేది మెమరీ తగ్గినప్పుడు. ఫైళ్ళు తగ్గుతున్నాయా లేదా అన్నది దానికి పట్టదు. కాబట్టి మెమరీ బాగా ఉన్న పెద్ద సర్వర్ కొంటే ఊడ్చడం ఇంకా ఆలస్యం అవుతుంది, తెరిచిన ఫైళ్ళు ఇంకా పేరుకుంటాయి. కలిగిన కొద్దీ లెక్క చూడని ఇల్లు లాంటిది. సార్వాలో గోదావరి నిండుగా ఉన్నప్పుడు ఎవడి తూము తెరిచుందో ఎవరికీ పట్టదు. దాళ్వాకి నీళ్ళు తగ్గి వంతులు పెట్టినప్పుడు తెలుస్తుంది. అదీ తెరిచినవాడికి కాదు, శివారు రైతుకి. మా మావయ్య పొలం కాలవ చివర్లో ఉంది. "పైనోడు తూము కట్టాడో లేదో కాలవ గట్టెక్కి చూడక్కర్లేదురా అల్లుడూ, నా చేను చూస్తే తెలిసిపోద్ది" అంటాడు.

మా ప్రోగ్రామ్‌లో శివారు పొలం లాగిన్ భాగం. రిపోర్టులు తయారుచేసే భాగం వందల ఫైళ్ళు తెరిచి ఫైనలైజ్‌కి వదిలేసింది. పరిమితి దాటిన రాత్రి, తన కోసం ఒకే ఒక్క ఫైలు తెరవబోయిన లాగిన్ భాగం పడిపోయింది. నేనింకా చేరకముందు మాట ఇది. ఆ రాత్రి డ్యూటీలో ఉన్నది కొత్తగా వచ్చిన అమ్మాయి. 'కారణం: లాగిన్' అని రాసి, ఆమె పేరు పెట్టి ఫైలు చేసేశారు. ఇప్పుడు ఫైనలైజ్‌లు ఏరుతుంటే అసలు తీగ దొరికింది. ఆమె కంపెనీ మారిపోయింది. అందుకే మారిందని నేననను. కానీ ఆ కాగితం అలాగే ఉంది, దాన్ని దిద్దడానికి మా దగ్గర పద్ధతంటూ లేదు.

మరి రిపోర్టుల భాగం రాసినవాడిది తప్పా? భాష ఇచ్చిన మాటే అతను నమ్మాడు. జాషువా బ్లాక్ 2001లోనే తన ఎఫెక్టివ్ జావా పుస్తకంలో ఫైనలైజ్ జోలికి పోవద్దన్నాడు, నిజమే. కానీ భాషే తన నోటితో ఆ మాట అనడానికి ఇంకో పదహారేళ్ళు పట్టింది. అప్పటిదాకా జరిగినదాన్లో నా దృష్టిలో ఎక్కువ వాటా భాషదే. 2017 తర్వాతది మాది.

బదులుగా పెట్టేవి రెండు. మొదటిది 2011లో ఏడో వెర్షన్‌తో వచ్చిన ట్రై-విత్-రిసోర్సెస్. ఫైలు ఎక్కడ తెరిచామో, ఆ బ్రాకెట్ ముగిసేచోటే అది మూతపడుతుంది. బతికుండగానే, పని అయిన వెంటనే. రెండోది క్లీనర్, ఇది కొంచెం ఆలోచింపజేస్తుంది. ఫైనలైజ్‌లో పోయిన వస్తువు చేతికే పని ఇస్తాం కాబట్టి, అది ఆ సందులో ఎవరినో పట్టుకుని మళ్ళీ బతికి కూర్చోగలదు. మేము దాన్ని పునరుత్థానం అనే అంటాం, వేళాకోళం కాదు. క్లీనర్‌లో అది కుదరదు. ఏం మూయాలో ముందే వేరే కాగితం మీద రాసి ఇంకొకరికి ఇవ్వాలి. ఆ ఇంకొకరు మూయాల్సిన ఫైలుని పట్టుకోవచ్చు గానీ, అసలు వస్తువుని మాత్రం పట్టుకోకూడదు. పట్టుకుంటే ఆ వస్తువు ఎప్పటికీ పోదు, కాబట్టి ఆ పని ఎప్పటికీ మొదలవదు. అయితే క్లీనర్‌కి కూడా చెత్త ఊడ్చేదాకా కబురు అందదు. అందుకే అది రెండో వరస కాపలా మాత్రమే.

మన చట్టంలోనూ ఇలాంటి మార్పు ఒకటి జరిగింది. తండ్రి అప్పు తీర్చడం కొడుకు ధర్మం అన్న ఒక్క కారణంతో కొడుకు మీద వసూలుకి దిగడాన్ని 2005 హిందూ వారసత్వ సవరణ ఆపింది. కానీ సవరణ అమల్లోకి రాకముందు చేసిన అప్పులకి పాత నియమమే ఉంచారు. చట్టానికి కూడా పాత కోడ్ ఉంటుంది.

మా ప్రోగ్రామ్‌లో మొత్తం 63 చోట్ల ఫైనలైజ్ ఉంది. 52 చోట్ల మార్చడం సులువుగానే అయిపోయింది. మిగతా 11 చోట్ల ఒక టీము ఫైలు తెరిచి రెండో టీముకి ఇస్తుంది, వాళ్ళు కొన్నాళ్ళు వాడి మూడోవాళ్ళకి ఇస్తారు. ఇది ఎవరిది అన్న ప్రశ్న ఇన్నేళ్ళూ ఎవరూ అడగలేదు, ఫైనలైజ్ ఉండటం వల్ల అడిగే అవసరం రాలేదు. ఇప్పుడు ఒక షీటు తయారుచేసి, 'మూసేది ఎవరు' అని ఒక గడి పెట్టి అందరికీ పంపాను. నిన్నటికి నాలుగు వరసలు నిండాయి. అందులో రెండింట్లో రెండు టీములూ ఒకరి పేరు ఒకరు రాసుకున్నారు.