జూదరి సాహసము

సాహసము దానంతట నదియే సుగుణమా యను ప్రశ్న ప్రాచీనమైనది. ప్రాణమునకు వెఱవక పోరాడినవానిని, ఉన్నదంతయు నొక్క పందెమున నొడ్డినవానిని లోకము ఒక్క నోటనే ధీరులని పొగడుచుండును. కొలువు చేసి వచ్చిన సైనికుడే జూదరియైనప్పుడు ఈ పొగడ్త మఱింత సులభమగును. అట్టివాని జీవితము నొకదాని నెదుట నుంచుకొని, ఈ రెండు ధైర్యములును ఒక్కటియేనా యని విచారింపదలచితిమి.

అమెరికా దేశస్థుడగు వాల్టర్ క్లైడ్ పియర్సన్ 1929లో నిరుపేద కుటుంబమున జన్మించెను. పగ్గీ పియర్సన్ అను పేరనే లోకమతని నెఱుగును. చదువు అయిదవ తరగతితో ముగిసినది. యౌవనారంభమున నౌకాదళమున జేరి, అచ్చట పేకాట మర్మములను గ్రహించెను. కొలువు విడిచిన పిమ్మట జూదమే వృత్తిగా స్వీకరించెను. 1973లో లాస్ వేగాస్ నగరమున జరిగిన ప్రపంచ పోకర్ పోటీలో 1,30,000 డాలర్లు గెలిచి ప్రథముడయ్యెను, 2006లో మరణించెను. అందఱును సమానమైన మొత్తముతో మొదలిడి, సర్వమును ఒక్కని చెంత జేరువఱకు ఆడు పోటీపద్ధతిని సూచించినవాడు ఇతడేయని ప్రతీతి.

ఇతనిని తూలనాడుట మా యుద్దేశము కాదు. బడి తలుపులు మూసికొనిన బాలునకు పేకముక్కలే పుస్తకములైనవి. పైగా అతని పక్షమున బలమైన వాదమొకటి కలదు: ఇది అదృష్టము కాదు, నేర్పు, నేర్పునకు ప్రతిఫలము తప్పెట్లగును? మన దేశమునందును ఈ వాదమునకు మన్నన దొరకినది. సికిందరాబాదు క్లబ్బొకదానికి సంబంధించిన వ్యాజ్యెమున, రమ్మీ ప్రధానముగా నేర్పుతో గూడిన ఆటయని సుప్రీముకోర్టు 1967లో నిర్ణయించెను.

చట్టమునకు ఆ మాట చాలవచ్చును, మనస్సాక్షికి చాలదు. నేర్పు జూదమునకు సమర్థనము గాక, దాని దోషమును పెంచునదిగా మాకు దోచుచున్నది. కేవలము అదృష్టమే యైనచో ఇరువురును సమానముగా నష్టపోవచ్చును. ఒకడు నేర్పరియు, రెండవవాడు వ్యామోహితుడును అయినప్పుడు, ఫలితము నేర్పరికి ముందే యించుమించుగా దెలిసియుండును. కౌరవసభలో జరిగినది ఇదియే గదా! ధర్మరాజునకు ద్యూతమునం దాసక్తి కలదు, నేర్పు లేదు. శకునికి నేర్పు కలదు. పిలిచినప్పుడు వెనుదీయరాదను నియమమును యుద్ధమునకు వలెనే ద్యూతమునకును వర్తింపజేసి, ధర్మరాజు తమ్ములను, భార్యను సయితము పణముగా నొడ్డెను. రణమునకు దగిన ధైర్యమును పాచికలయొద్దకు దెచ్చుటయే ఆయన పొరపాటు.

వర్తకుడు పరుల అజ్ఞానమువలన లాభపడుట లేదా, రైతు వానను నమ్మి పందెము వేయుట లేదా యని కొందఱందురు. వర్తకుడు సరకిచ్చును, రైతు గింజ పండించును. పేకబల్ల మీద నేమియు బుట్టదు. ఒకని చేతిలోనిది మఱియొకని చేతికి బోవును, అంతే. ఓడినవాని యింట పొయ్యి వెలుగలేదను సంగతి ఆ బల్ల దాక రాదు. 2025లో మన పార్లమెంటు ధనము పెట్టి యాడు ఆన్‌లైన్ ఆటలను నిషేధించుచు చేసిన చట్టము నేర్పు, అదృష్టము అను భేదమును పాటింపకపోవుటకు ఈ అనుభవమే కారణమై యుండును.

రెండవ ధైర్యమునకు మన మన్యమే సాక్షి. అడవిపై హక్కులు తఱిగి, దారిపనులలో న్యాయమైన కూలి దొరకక గిరిజనులు కుమిలియున్న కాలమున, 1922 ఆగస్టులో, అల్లూరి సీతారామరాజు దళము మూడు పోలీసు స్టేషన్ల నుండి తుపాకులు గొనిపోయెను. అక్టోబరు 15న అడ్డతీగల వంతు వచ్చినది. ఈసారి రాజు ముందుగా కబురంపి బాహాటముగా వచ్చెను. పోలీసులు ఆయుధములను ముందే దాచివేసిరి గాని, ఎదిరింపజాలకపోయిరి. పోకరునందలి నేర్పంతయు తన ముక్కలను దాచుటయందును, లేని బలమును నటించుటయందును గలదు. అడ్డతీగలలో రాజు తన ముక్కలను బల్లపై బఱచియే యాడెను. ఆయన వెంట నడచిన గిరిజనులును ప్రాణములొడ్డిరి. ఆ భారము నాయకుని లెక్కలో జేరకపోదు. అయినను వారు పోరాడినది తమ అడవికై, తమ కూలికై. ఆయన 1924 మే 7న తన పణమును తానే చెల్లించెను.

కావున సాహసమును మెచ్చుటకు ముందు రెండు ప్రశ్నలడుగవలెను: ఒడ్డినది ఎవరిది? గెలిచినది ఎవరికి? ధైర్యము నిప్పు వంటిది. పొయ్యిలో నున్న వంటయగును, కప్పున నున్న కొంపయగును. సైన్యము విడిచి యింటికి వచ్చిన యువకుని ధైర్యమునకు సంఘము పని చూపనియెడల, దానికి పేకబల్ల చూపువారు ఎల్లప్పుడును కాచుకొనియే యుందురు.